సంగటికి సూటూ బూటూ

హోటలుకు పోయి, డబ్బులిచ్చి రాగిసంగటి తిన్నామంటే మా అమ్మ కాలంవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. మెనూ కార్డులో ఆ పేరు చూసినప్పుడు నాకూ నవ్వే వచ్చింది. "రాగిసంగటి చీజ్ బాల్స్, ఆరు, 260 రూపాయలు" అని ఉంది. దాని కింద ఆవకాయ పిజ్జా, గోంగూర పాస్తా, పెసరట్టు టాకో, చివర్లో జున్ను చీజ్‌కేక్. వీటిని ఫ్యూజన్ వంటలు అంటారట. మనది సగం, పరాయివాళ్ళది సగం కలిపి వండడమన్నమాట. తిరుపతిలో ఇటువంటి హోటళ్ళు వరసగా లేస్తున్నాయి. కొండకొచ్చే యాత్రికులు ఇడ్లీ, పొంగలి తిని పోతుంటే, మన పిల్లలు వీటిల్లో కూర్చుంటున్నారు.

మేము వెళ్ళింది ఒక తిరుమల శనివారం నాడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మా చిత్తూరు, తిరుపతి వైపు కానివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. అరవ లెక్క ప్రకారం పెరటాసి నెల, అంటే సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా, వచ్చే శనివారాలను మేము తిరుమల శనివారాలంటాం. ఆ నెలంతా నీచు ముట్టని ఇళ్ళు చాలా ఉన్నాయి. శనివారం నాడు తలిగ వేసి, అరిటాకులో వండినవన్నీ స్వామికి పెట్టి, గోవిందలు చెప్పి, అప్పుడు తింటాం. మా ఇంట్లో ఆ రోజుల్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా ముట్టం. మా అత్తగారు పెండ్లయి వచ్చిన ఏడాది నుంచి ఒక్క శనివారం తప్పలేదు. ఆవిడకిప్పుడు డెబ్భై ఆరు.

పోయిన పెరటాసిలో మూడో శనివారం మా అమ్మాయి పుట్టినరోజు పడింది. బెంగుళూరులో చదువుకుంటోంది, ఆ రోజుకని వచ్చింది. పొద్దున తలిగ, పూజ, భోజనాలు అన్నీ అయ్యాక సాయంత్రం "అవ్వా, నువ్వొస్తేనే పోతాం, లేకపోతే లేదు" అని మొండిపట్టు పట్టింది. అత్తగారు బయట ఒక్క మెతుకు ముట్టరు. కొండమీద అన్నప్రసాదం ఒక్కటే ఆవిడకు బయటి తిండి. "నీచు వండే చోటికి నేను రాను" అన్నారు. అది శాకాహారం హోటలే అని మావాడు ఫోనులో బొమ్మలు చూపించాడు. చివరికి "సరే పదండి, ఆ కాఫీ ఏదో తాగి కూచుంటా" అని బయలుదేరారు.

లోపల బాగానే ఉంది. వెదురుబుట్టలు బోర్లించి దీపాలు పెట్టారు. అంచులో నీలంగీత ఉన్న ఎనామెల్ ప్లేట్లు, నీళ్ళకు ఇత్తడి చెంబులు. అత్తగారు చెంబు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "పాత సామాన్లోడికి వేసినవన్నీ ఈడికొచ్చినాయే" అన్నారు. మావారికి పొలమారింది.

మెనూలో సంగటి ఉందని అమ్మాయి చదివి చెప్పగానే మాత్రం ఆవిడ ముఖంలో ఏదో మారింది. "సంగటా? ఈడా? ఏమేస్తారంటా దాంట్లో?" అని అడిగారు. నేను వడ్డించే అబ్బాయిని పిలిచి, "ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేకుండా కావాలి బాబూ, పెద్దావిడ తినరు" అని స్పష్టంగా చెప్పాను. ఆ అబ్బాయిది మన రాష్ట్రం కాదు. నా మాటలో ఏం అర్థమైందో గానీ "హా మేడమ్, వెజ్, ప్యూర్ వెజ్" అని నవ్వుతూ తలూపాడు. నేనూ తలూపాను. నా తప్పు అక్కడుంది. ఇంకొకసారి అడిగి ఉండాల్సింది.

ఆరు ఉండలొచ్చాయి, నిమ్మకాయంత. పైన ఎర్రగా కరకరలాడుతున్నాయి, పక్కన చిన్న గిన్నెలో తెల్లటి ముద్దలాంటి నంజు. అత్తగారు ఒకటి తీసుకుని విరిచారు. లోపల సంగటి, మధ్యలో కరిగిన చీజ్ దారంలా సాగింది. ఊరికే చప్పగా ఒక ముక్క తిన్నారు. కళ్ళు పెద్దవి చేసి "ఏమ్మే, బాగుండాదే ఇది" అన్నారు. మా అమ్మాయి ముఖం వెయ్యి క్యాండిళ్ళ బల్బయింది. రెండో ముక్క ఆ తెల్లనంజులో ముంచి నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపేశారు. మెల్లగా మింగి, మిగిలిన ముక్క ప్లేటు అంచున పెట్టి, చెంబులో నీళ్ళన్నీ తాగేశారు. ఏమీ అనలేదు.

నేను ఆ నంజు వేలితో తీసి నాలుకకు రాసుకున్నాను. తెల్లగడ్డ. అనుమానమే లేదు.

కౌంటరు దగ్గరికి వెళ్ళి అడిగాను. అక్కడున్నాయన మర్యాదగానే మాట్లాడాడు. అది వెల్లుల్లి వేసిన మయోనీస్ అట, గుడ్డు లేనిదట. "ముందే జైన్ అని చెప్పి ఉంటే వేరే చేయించేవాళ్ళం మేడమ్" అన్నాడు. చెప్పానండీ, ఎర్రగడ్డా తెల్లగడ్డా వద్దన్నాను అంటే, ఆ అబ్బాయిని పిలిచి నా ఎదురుగానే గట్టిగా కేకలేశాడు. ఆ పిల్లవాడు బిక్కముఖం వేసుకుని నిలబడ్డాడు. మా వాడి వయసే ఉంటుంది. నాకు కోపం ఎవరిమీద చూపించాలో తెలియలేదు. ఆ ప్లేటు డబ్బులు వద్దన్నారు, నేనే ఇచ్చేసి వచ్చాను.

ఇటువంటి చోటికి వెళ్ళేటప్పుడు పనికొచ్చే సంగతులు రెండు చెబుతాను. మన దేశంలో ప్యాకెట్ల మీద ఉండే పచ్చచుక్క అది శాకాహారమని మాత్రమే చెబుతుంది. ఉల్లి, వెల్లుల్లి సంగతి దానికి పట్టదు. 'వెజ్' అన్న మాటా అంతే. మనకు కావలసింది 'జైన్' అన్న మాట. జైనులు ఉల్లి, వెల్లుల్లి, ఉర్లగడ్డ లాంటి దుంపలు తినరు గనుక పెద్ద హోటళ్ళలో ఆ మాట వంటవాళ్ళకు ఠక్కున తెలుస్తుంది. అయినా ప్లేటు వచ్చాక నంజుళ్ళ గురించి విడిగా అడగండి. అసలు వంటకం శుద్ధంగా ఉండి నంజులో తెల్లగడ్డ ఉండడమే ఎక్కువ.

రెండోది మయోనీస్. దాన్ని పచ్చిగుడ్డు, నూనె కలిపి గిలక్కొట్టి చేస్తారు. పచ్చిగుడ్డుతో చేసినదాన్ని తెలంగాణలో 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించారు. తమిళనాడులో 2025 ఏప్రిల్‌లో అదే పని చేశారు. ఎండకు, వేడికి నిలవుంటే అందులో క్రిములు పెరుగుతాయి. గుడ్డు లేకుండా చేసేదీ ఉంది. ఏది వేశారో అడగడానికి మొహమాటపడవద్దు, ముఖ్యంగా చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు.

ఇంటికొచ్చాక అత్తగారు తలకు పోసుకుని, దీపం వెలిగించి, చాలాసేపు పటం ముందు కూచున్నారు. ఇల్లంతా నిశ్శబ్దం. మా అమ్మాయి గదిలో కూచుని ఏడుస్తోంది. "నా వల్లే కదమ్మా, నలభై యాభై ఏళ్ళుగా తప్పనిది నేను తప్పించాను" అంటుంది. నాకు ఇద్దరి మధ్యా ఏం చెయ్యాలో తోచలేదు. మావారు టీవీ పెట్టబోయి మళ్ళీ ఆపేశారు.

అత్తగారే లేచి వచ్చి మనవరాలి పక్కన మంచం మీద కూచున్నారు. "తెలీక నోట్లో పడింది. ఆయనకు తెలీదా ఏంది? ఏడుకొండలెక్కి కూచున్నోడికి నా నోట్లో ఏం పడిందో కనపడదా? ఊరుకో" అన్నారు. కాసేపాగి "అది కాదుమే, ఆ సంగటి 260 రూపాయలా?" అని అడిగారు.

అప్పుడు చెప్పారు, నాకూ ఇన్నేళ్ళలో చెప్పని సంగతి. ఆవిడ పుట్టిల్లు మదనపల్లె వైపు, తరిగొండకు దగ్గర పల్లె. అక్కడ రోజూ సంగటే. వరికూడు పండగకూ, చుట్టాలొస్తేనే. ఆవిడను చూసుకోవడానికి మా మామగారివాళ్ళు వస్తున్నారంటే, వాళ్ళమ్మ సంగటి కుండను తెడ్డుతో సహా తీసి గొడ్లపాకలో దాచిపెట్టిందట. పక్కింట్లో బియ్యం అప్పు తెచ్చి వండారట. "సంగటి తినేవోళ్ళని తెలిస్తే సమ్మందం పోతాదని మాయమ్మ బయం. పెండ్లయి ఈడికొస్తే వీళ్ళూ సంగటే తినేది! వీళ్ళూ మాకాడ దాచినారు" అని అత్తగారు నవ్వడం మొదలుపెట్టారు. ఏడుస్తున్న పిల్లా నవ్వింది. "సిగ్గుపడి దాచినదాన్ని ఇప్పుడు లైట్లు పెట్టి అమ్ముతాండారు" అన్నారు. ఆ మాటలో కోపం ఉందో సంతోషం ఉందో నాకిప్పటికీ తెలియదు.

నేను మాత్రం ఆ రాత్రి ఈ కలగలుపు గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. పరాయివాళ్ళ చీజ్ తెచ్చి మన సంగటిలో కలపడమేమిటని మావారు విసుక్కున్నారు. కానీ ఏది మనది? ఆరుద్ర, స్వాతి అంటూ వానలు లెక్కపెట్టి మనం పండించే రాగి పుట్టిల్లు ఆఫ్రికా తూర్పు ఎత్తుభూములు. వేల ఏళ్ళ కిందట ఇక్కడికొచ్చింది. చింతచెట్టూ ఆఫ్రికాదే. సంగటిలోకి మనం నూరుకునే ఊరిబిండి చూడండి. అందులో చెనక్కాయ దక్షిణ అమెరికాది, మిరపకాయా ఆ ఖండాలదే. వాస్కోడిగామా కళ్ళికోట రేవుకొచ్చింది 1498లో. ఆ పోర్చుగీసువాళ్ళు తేకముందు మనవాళ్ళకు కారమంటే మిరియాలే. ఇప్పటికీ కొండమీద ప్రసాదంగా ఇచ్చే పెద్ద వడ కొరికి చూడండి, మిరియం ఘాటు తగులుతుంది. మదనపల్లె మార్కెట్టులో కొండల్లా పోసే టమేటాలు, ఉర్లగడ్డ అన్నీ అట్లా ఓడలెక్కి వచ్చినవే. మా అత్తగారి పల్లెలో మూకుట్లో సంగటి ముద్ద, పక్కన ఊరిబిండి పెట్టుకుని తిన్నవాళ్ళు రెండు మూడు ఖండాలు కలుపుకుని తిన్నారు. ఎవరూ దానికి పేరు పెట్టలేదు, బిల్లూ వెయ్యలేదు.

దగ్గరి కాలంలోకి వస్తే, మన పిల్లలు ప్రాణంగా తినే మంచూరియాకు మంచూరియాతో ఏ సంబంధమూ లేదు. 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో నెల్సన్ వాంగ్ అనే చైనా మూలాల వంటాయన, మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయల్లో సోయాసాస్ పోసి కోడిమాంసంతో చేశాడు. దానికి తర్వాత గోబీ వచ్చి చేరింది. బండ్లమీద అది మరీ ఎర్రగా మెరిసిపోతుంటే మాత్రం కొనవద్దు. కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధించారు. ఇక మా చిత్తూరు సీమ సంగతి చెప్పాలా? అరవదేశం ఒకవైపు, కన్నడదేశం ఒకవైపు. 1911లో జిల్లాగా ఏర్పడ్డప్పుడు ఉత్తర ఆర్కాటు నుంచి కొంత, కడప నుంచి కొంత కోసి కలిపారు. మా అమ్మగారిది పుత్తూరు పక్క, సాంబారు, కొళంబు ఇల్లు. అత్తగారిది సంగటి, పితికిపప్పు ఇల్లు. నా వంటింట్లో పాతికేళ్ళుగా నడుస్తున్నది ఫ్యూజనే. నాకు ఆ మాట తెలియదు, అంతే.

మర్నాడు పొద్దున అత్తగారే కదిపారు. "ఆ తెల్లగడ్డ లేకుండా మనం చేసుకోలేమా? కొండమీద మసాలావడలో ఎర్రగడ్డ లేదు గదా, ఎంత బాగుండాది!" అన్నారు. నిజమే. 2025 మార్చి నుంచి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనంలో మసాలావడ కూడా పెడుతున్నారు. శనగపప్పు, పచ్చిమిరప, అల్లం, కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, సోంపు, ఇంతే. ఎర్రగడ్డ లేని లోటు సోంపు, పుదీనా తీరుస్తాయి. 1985 ఏప్రిల్లో ఎన్.టి.రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు రోజుకు 2000 మందితో మొదలైన అన్నదానంలోకి, నలభై ఏళ్ళకు ఒక కొత్త వంటకం వచ్చి చేరిందంటే, మా ఇంట్లో చేరకూడదా?

మొదటిసారి చేసినప్పుడు అభాసుపాలయ్యాను. రోజూ చేసే సంగటితోనే ఉండలు చేసి నూనెలో వేస్తే, విచ్చుకుపోయి నూనెంతా నల్లటి జావయింది. సంగటి మెత్తగా ఉంటే నిలవదు. రెండోసారి నీళ్ళు తగ్గించి చేశాను, కుదిరింది. మీరూ చేసి చూడండి.

అరగ్లాసు బియ్యపు నూకలు కడిగి, మూడు గ్లాసుల నీళ్ళు, తగినంత ఉప్పు వేసి మెత్తగా ఉడికించండి. అది కుతకుతలాడుతుండగా ఒక గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. తర్వాత దించి, తెడ్డుతో ఉండలు లేకుండా గట్టిగా ఎనపండి. చేతికి అంటుకోకుండా ఉందంటే సరిగా ఉన్నట్టు. ఇంకా జారుగా ఉంటే మళ్ళీ పొయ్యిమీద పెట్టి రెండు నిమిషాలు తిప్పండి.

లోపలికి చీజ్ కొననక్కర్లేదు. అరలీటరు పాలు కాగేటప్పుడు నిమ్మరసం పిండి విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి పిండేస్తే పనీరు వస్తుంది. దాన్ని చిదిమి ఉప్పు, అరచెంచా మిరియాలపొడి, వేయించిన జీలకర్రపొడి, చిటికెడు ఇంగువ కలపండి. చీజ్‌లా సాగదు, ఆ మాట ముందే చెబుతున్నాను, కానీ రుచికి తక్కువుండదు. చేయి తడి చేసుకుంటూ, సంగటి గోరువెచ్చగా ఉన్నప్పుడే నిమ్మకాయంత ఉండలు చేసి, గుంటపెట్టి పనీరు కొద్దిగా ఉంచి మూసెయ్యండి. చల్లారాక బొంబాయి రవ్వలో దొర్లించి, ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ గంట మానెయ్యకండి, విచ్చుకోకుండా ఉండేది దీనివల్లే. తర్వాత మధ్యస్థమైన సెగమీద, ఒక వాయికి నాలుగైదు చొప్పున ఎర్రగా వేయించాలి. పద్దెనిమిది, ఇరవై దాకా వస్తాయి.

నంజుకు: గట్టిపెరుగు ఒక కప్పు గుడ్డలో కట్టి గంటసేపు వేలాడదీయండి. నీళ్ళు పోయిన పెరుగులో వేయించి పొట్టు తీసిన చెనక్కాయల పొడి రెండు చెంచాలు, పచ్చిమిరపకాయ, అల్లం, పుదీనా, పావుచెంచా సోంపు నూరి, ఇంగువ, ఉప్పు వేసి కలపండి. మయోనీస్ దీని ముందు దిగదుడుపే.

రాగుల్లో, నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా, కాల్షియం ఉంటుంది. మన వయసు ఆడవాళ్ళకు కావలసిందే. అయితే రాగి కదా అని షుగరున్నవాళ్ళు లెక్కలేకుండా లాగించకూడదు. పిండిపదార్థం దానిలోనూ ఉంది, పైగా ఇది నూనెలో వేగింది. పెనం మీద నూనె రాసి బిళ్ళల్లా కాల్చుకుంటే నయం. నేను అత్తగారికి అట్లాగే చేశాను.

నాలుగో శనివారం పొద్దున వంటంతా అయ్యాక, ఉండల గిన్నె చేతిలో పట్టుకుని నేను సందేహంగా నిలబడ్డాను. తలిగలో పెట్టొచ్చా? మిరపకాయ కూడా ఓడలోంచి దిగిందే కదా అని నా మనసులో వాదన సిద్ధం చేసుకున్నాను. అత్తగారు ఆకు మీద పులిహోర, పొంగలి, వడలు, పాయసం సర్ది, గిన్నె వైపు చూశారు. "ఇది పెట్టొద్దు. ఆయనకు మనం ఎప్పుడూ పెట్టేవే పెడదాం. కొత్తది తిని మనం బాగుండామా లేదా చూసినాక, వచ్చే పెరటాసికి ఆలోచిస్తాం" అన్నారు. నాకు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టయింది. వాదించలేదు.

గోవిందలయ్యాక, ఆకు తీశాక, మొదటి ముక్క ఆవిడే తిన్నారు. రెండోదీ తిన్నారు. మూడోది తీసుకుంటూ "ఫోటో తీసి పిల్లదానికి పంపు" అన్నారు. మావాడు ప్లేటు కిటికీ దగ్గర పెట్టి ఫోటో తీసి, "అవ్వా, కింద ఏమని రాయాలి?" అని అడిగాడు.

"తెల్లగడ్డ వెయ్యలేదని రాయి. వచ్చేప్పుడు ఆ సాగే చీజు ఒక ప్యాకెట్టు తెమ్మను. పచ్చచుక్క ఉందో లేదో చూసి తెమ్మను" అన్నారు.